మడగాస్కరు అడవి వాగులలోని గిరికీల పురుగు

నిలుకడగా నున్న చెరువు నీటి మీద, గట్టుకు కొంచెము దూరమున, నల్లని పూసలవలె మెరయుచు గిరగిర తిరుగు చిన్న పెంకుపురుగుల గుంపులను చూడనివారు పల్లెటూళ్లలో అరుదు. చేయి చాచినంతనే అవి ఒక్కసారిగా చెదరిపోవును. కొన్ని నీట మునుగును. కొంతసేపటికి మరల అదే చోట చేరి తమ ఆట సాగించును. శాస్త్రజ్ఞులు వీనిని గైరినిడే అను కుటుంబములో చేర్చియున్నారు. గ్రీకు భాషలో ‘గైరోస్’ అనగా వలయము. తెలుగులో వీనిని గిరికీల పురుగులన్నచో ఆ భావము సరిపోవును.

ఈ పురుగు శరీరము నీటి పైపొర మీది బ్రతుకునకు చక్కగా అమరియున్నది. ప్రతి కన్ను రెండుగా చీలియుండును. పై భాగము గాలిలోని వస్తువులను, క్రింది భాగము నీటిలోని వస్తువులను చూచును. అందుచే ఒక్కొక్క పురుగునకు నాలుగేసి కన్నులున్నట్లు తోచును. పొట్టి మీసముల మొదట గల ఒక జ్ఞానాంగము నీటి మీది అతి చిన్న అలలను గూడ గ్రహించును. గుంపులో ఒకదానినొకటి ఢీకొనకుండ తిరుగుటకును, నీటిలో పడి కొట్టుకొనుచున్న ఈగనో చీమనో పసిగట్టి పట్టుకొనుటకును ఇదియే సాయము. నడిమి కాళ్లును వెనుక కాళ్లును తెడ్లవలె పలుచబడి యున్నవి. వెనుక కాళ్లు సెకనుకు 50 సారులకు పైగా ఆడగలవు. మునుగునపుడు రెక్కల పెంకుల క్రింద ఒక గాలిబుడగను వెంట తీసికొనిపోవును. పిల్ల పురుగుల తీరు వేరు. అవి నీటి అడుగున ప్రాకుచు, పొట్ట ప్రక్కల నున్న ఈకల వంటి మొప్పలతో శ్వాసించును. ఎదుగుదల ముగిసిన పిదప నీటిని వదలి ఒడ్డెక్కి మట్టిగూటిలో చేరి, అందుండి పెద్ద పురుగై వెలువడును. ఈ చివరి సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను. దానితో పని ముందున్నది.

ఈ కుటుంబములో సుమారు వేయి జాతులు కలవు. అంటార్కిటికా తప్ప తక్కిన ఖండములన్నిటను ఇవి వ్యాపించియున్నవి. 1758లో లిన్నేయస్ పండితుడు పేరుపెట్టిన గైరినస్ నటేటర్ ఐరోపా నీళ్లలోనిది. మన దేశమున డైన్యూటస్, ఒరెక్టోకిలస్ మొదలగు ప్రజాతుల పురుగులు చెరువులందును, కొండవాగులందును కనబడుచుండును. వీనిలో పెక్కు జాతులు బాగుగా ఎగురగలవు. ఒక కుంట ఎండినచో మరియొక కుంటకు పోవును. కావున ఒక్కొక్క జాతి విశాలమైన ప్రదేశములో నుండుట వింత కాదు.

వింత వేరొకచోట నున్నది. హెటరోగైరస్ మిల్లోటి అను జాతి మడగాస్కరు ద్వీపపు ఆగ్నేయ భాగములోని అడవి వాగులలో తప్ప ప్రపంచమున మరెక్కడను లేదు. దాని ప్రజాతిలో అది ఒక్కటే. దాని ఉపకుటుంబములో నేడు బ్రతికియున్నదియు అది ఒక్కటే. ఇంత చిన్న చోట ఒంటరిగా నున్న ఈ పురుగు అక్కడికి ఎట్లు వచ్చెను? ఎప్పుడు వచ్చెను? అసలు వచ్చెనా, లేక అక్కడనే మిగిలిపోయెనా? ఈ ప్రశ్నలకు సమాధానము దొరకుటకు అరువది సంవత్సరములు పట్టినది.

ఈ పురుగును శాస్త్రలోకమునకు పరిచయము చేసినవాడు లెగ్రో. అది 1953వ సంవత్సరము. అప్పటికి మడగాస్కరు ఫ్రెంచివారి పాలనలో నుండెను. రెండవ ప్రపంచ యుద్ధానంతరము అక్కడ ఒక వైజ్ఞానిక పరిశోధన సంస్థ ఏర్పడినది. దాని అధిపతి జాక్ మిల్లో అను జంతుశాస్త్రజ్ఞుడు. ఆయన పేరే ఈ పురుగు పేరులో నిలిచినది. ఇందొక చమత్కారమున్నది. ఏడు కోట్ల సంవత్సరముల క్రిందటనే నశించినదని తలచిన సీలకాంత్ అను చేప 1938లో దక్షిణాఫ్రికా తీరమున దొరకినది. రెండవ చేప 1952లో కొమొరో దీవులలో పట్టుబడినది. 1953 నుండి ఆ చేపల శరీరనిర్మాణమును శోధించినవాడు ఈ మిల్లోయే. ప్రాచీన వంశపు చేపను కోసి చూచిన పండితుని పేరు, అంతకు తక్కువ కాని ప్రాచీన వంశపు పురుగునకు అమరినది. పేరు పెట్టిననాడు ఆ సంగతి ఎవరికిని తెలియదు.

పురుగు రూపము మాత్రము తక్కిన గిరికీల పురుగులను పోలి లేదని లెగ్రో గుర్తించెను. అందుకే దానికొక క్రొత్త ప్రజాతిని కల్పించి, ‘భిన్నము’ అను అర్థము గల ‘హెటరో’ శబ్దమును ముందు చేర్చెను. 1950వ దశాబ్ది మధ్యలో స్వీడను దేశీయుడగు పెర్ బ్రింక్ ఆఫ్రికా ఖండపు గిరికీల పురుగులనన్నిటిని సమగ్రముగా పరిశీలించుచు, ఈ ఒక్క జాతి కొరకే ఒక ప్రత్యేక శాఖను ఏర్పరచెను. ఇంతవరకు జరిగినది వర్గీకరణము. పురుగు వేరు అని తేలినది. ఎంత వేరు, ఎంతకాలము నుండి వేరు అనునది తేలలేదు.

ఆ కాలమున ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట సులభము కాదు. మడగాస్కరు జంతువులు ప్రకృతి శాస్త్రజ్ఞులను చాలకాలముగా చిక్కుపరచుచునే యున్నవి. ఆఫ్రికాకు 400 కిలోమీటర్ల దూరముననే యున్నను ఆ ద్వీపములో సింహములు లేవు, ఏనుగులు లేవు, కోతులు లేవు. ఎక్కడను లేని లెమూరులున్నవి. 1864లో ఫిలిప్ స్క్లేటర్ అను ఆంగ్లేయుడు ఈ లెమూరులను గూర్చి వ్రాయుచు, మడగాస్కరునకును భారతదేశమునకును నడుమ ఒక భూఖండముండి సముద్రములో మునిగిపోయెనని ఊహించి, దానికి లెమూరియా అని పేరు పెట్టెను. ఊహ తప్పు, కాని మడగాస్కరునకును మనకును పూర్వకాలమున సంబంధముండెనను భాగము మాత్రము నిజము. మునిగినది ఏదియు లేదు. ఉన్నవే విడిపోయినవి. వెగనర్ పండితుడు 1912లో ఖండములు కదలుననెను. 1915లో ఆ విషయమున గ్రంథము వ్రాసెను. పెక్కుమంది నవ్విరి. 1940లో అమెరికా దేశీయుడగు సింప్సన్, ఖండములు కదలవలసిన పని లేదనియు, తుపానులకు కొట్టుకొనివచ్చిన మాను దుంగల మీద జంతువులు లాటరీ తగిలినట్లు ఏ లక్షల యేండ్లకో ఒకసారి సముద్రము దాటుననియు వాదించెను. లెగ్రో తన పురుగును వర్ణించునాటికి విద్వాంసులలో అధికసంఖ్యాకులు సింప్సన్ వైపే యుండిరి.

1960వ దశాబ్దిలో సముద్రగర్భ పరిశోధనలు వెగనరు మాటను నిలబెట్టినవి. నేడు మనకు తెలిసిన చరిత్ర ఇది: ఆఫ్రికా, మడగాస్కరు, భారతదేశము, ఆస్ట్రేలియా, అంటార్కిటికా, దక్షిణ అమెరికా ఒకప్పుడు గోండ్వానా అను ఒకే మహాఖండము. సుమారు 16 కోట్ల సంవత్సరముల నాడు మడగాస్కరును భారతదేశమును కలసియే ఆఫ్రికా నుండి వేరుపడినవి. సుమారు 8 కోట్ల 80 లక్షల సంవత్సరముల నాడు అవి రెండును విడిపోయినవి. ఆ విడిపోవుటకు సాక్ష్యము మన దేశముననే కలదు. కర్ణాటక తీరమున మల్పే రేవునకు ఎదురుగా నున్న సెయింట్ మేరీస్ దీవులలోని స్తంభాకారపు రాళ్లు ఆ నాటి అగ్నిపర్వత ద్రవము నుండి గట్టిపడినవే. వాని తోడి రాళ్లు మడగాస్కరులో నున్నవి.

దీనితో జీవశాస్త్రజ్ఞులలో గాలి తిరిగినది. మడగాస్కరులోని విచిత్ర జీవులన్నియు గోండ్వానా చీలినపుడు ఆ ముక్క మీద మిగిలిపోయినవేయని చెప్పుట పరిపాటి యయ్యెను. తరువాత, జీవుల డి.ఎన్.ఏ. లోని మార్పులను లెక్కించి వంశములు చీలిన కాలమును గణించు పద్ధతి వచ్చినది. ఆ లెక్కలు మరల సింప్సనునకు అనుకూలముగా తేలినవి! లెమూరులు మొదలగు పెక్కు జంతువుల పూర్వులు ద్వీపము వేరుపడిన ఎన్నో కోట్ల సంవత్సరములకు సముద్రము దాటియే వచ్చినవని స్పష్టమయ్యెను. మనుష్యుల అభిప్రాయములు కూడ ఈ పురుగులవలె వలయములు తిరుగుచున్నవి కాబోలు. ఈ సారి మొగ్గు ఎంత బలముగా నుండెననగా, మడగాస్కరులో నిజముగా గోండ్వానా నాటి వంశము ఏదైన మిగిలియున్నదా యను అనుమానము కలిగినది.

హెటరోగైరస్ ఈ వాదము నడుమకు వచ్చినది. 2012లో కెల్లీ మిల్లర్, యోహానెస్ బెర్గ్‌స్టెన్ అను ఇరువురు గైరినిడే కుటుంబపు వంశవృక్షమును డి.ఎన్.ఏ. ఆధారముతోను, శరీరలక్షణముల ఆధారముతోను మరల కూర్చిరి. అందు ఈ పురుగు కొమ్మ దాదాపు మొదలునుండియే విడిపోయినట్లు కనబడినది. బ్రింక్ ఏర్పరచిన శాఖను వారు ఉపకుటుంబముగా పెంచిరి. దీనికంటెను ముందు విడిపోయినది ఒక్కటే కలదు. అది అమెరికాలోని అలబామా రాష్ట్రపు చిన్న వాగుల పురుగు. 1979లో ఫోకర్ట్స్ అను ఆచార్యుడు దానికి స్పాంగ్లరోగైరస్ అని పేరు పెట్టెను. అదియు ఒంటరిదే, అదియు వాగు ఒడ్డులనాశ్రయించినదే. భూగోళమునకు రెండు మూలల నున్న ఈ రెండు ప్రాచీన వంశములకు ఒకే తీరు నివాసము దొరకుట ఆలోచింపదగినది.

ఇక కాలనిర్ణయము. గ్రే గస్టాఫ్సన్ తన తోడి పరిశోధకులతో కలసి 2017లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో దీనిని ప్రకటించెను. వారి పద్ధతిలోని విశేషమును ఉపాధ్యాయులు తరగతిలో సులభముగా చెప్పవచ్చును. ఒక ఇంటివారి వంశవృక్షమును ఇప్పుడు బ్రతికియున్నవారి పోలికలను బట్టి మాత్రమే గీసినచో తాతముత్తాతల కాలము ఉజ్జాయింపుగా మాత్రమే తెలియును. సంతతి లేకుండ పోయిన పెద్దతాతలను, చిన్నతాతలను కూడ వారి వారి సంవత్సరములతో వృక్షములో చేర్చినచో కొమ్మలు సరియైన చోట నిలుచును. ఇక్కడ ఆ గతించినవారు శిలాజములు. వాని శరీరలక్షణములను, అవి దొరకిన రాతిపొరల వయస్సును జీవించియున్న జాతుల లక్షణములతో కలిపి ఒకేసారి గణింతురు.

శిలాజములు అంతకుముందే సిద్ధముగా నుండెను. సోవియట్ శాస్త్రజ్ఞుడు పొనొమరెంకో 1973లో కజకస్థానులోని కరతావు రాళ్లనుండి తీసిన గిరికీల పురుగునకు మీసోగైరస్ అను పేరు గల ప్రజాతిని ఏర్పరచెను. ఆ రాళ్లు జురాసిక్ యుగమునాటివి. క్రొత్త వంశవృక్షములో ఈ మీసోగైరస్ హెటరోగైరసునకు చుట్టమని తేలినది. ఒకప్పుడు ఈ వంశము మడగాస్కరునకు పరిమితమైనది కాదు. ఆసియాఖండపు నడిబొడ్డున గూడ నుండెను. మధ్యజీవ మహాయుగమున, అనగా డైనోసారుల కాలమున, గిరికీల పురుగులలో ఇదియే ప్రబలమైన వర్గము. దాని కొమ్మ తక్కిన వానినుండి చీలిన కాలము 22 కోట్ల 60 లక్షల నుండి 18 కోట్ల 70 లక్షల సంవత్సరముల నడుమ అని లెక్క తేలినది. గోండ్వానా ఇంకను చీలని కాలమది. మడగాస్కరునకే ప్రత్యేకమైన జంతువులలోగాని మొక్కలలోగాని, అంతవరకు కాలము నిర్ణయింపబడిన వంశములన్నిటిలోను ఇదియే ప్రాచీనతమము.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఒక జాతి నేడు ఎక్కడ నున్నదో చూచి, అది అక్కడనే పుట్టినదని విద్యార్థులు తొందరపడి వ్రాయుదురు. పటము మీద హెటరోగైరస్ ఉనికిని గుర్తించినచో ఒక సన్నని గీత మాత్రము ఏర్పడును. ఆ గీతను మాత్రమే నమ్మినవానికి అది మడగాస్కరు సొంత సృష్టిగా కనబడును. కజకస్థాను రాయి లేకున్నచో మనకు ఆ పొరపాటు ఎన్నటికిని తెలిసియుండెడిది కాదు. అట్లే దీనిని ‘సజీవ శిలాజము’ అనుటయు కొంత తప్పుదారి పట్టించు మాట. ఆ మాట 1859లో డార్విన్ వాడినది, అందముగానే యున్నది. కాని ఈ పురుగు 20 కోట్ల సంవత్సరములు మారకుండ కూర్చుండలేదు. నశించినవి దాని చుట్టములు. మిగిలినది వాని అచ్చు కాదు, వారసుడు.

చుట్టములేల నశించినవి? ఇప్పుడు లోకమంతట వ్యాపించిన గిరికీల పురుగులు తరువాతి కాలపు శాఖలవి. మయన్మారులో దొరకు, సుమారు 9 కోట్ల 90 లక్షల సంవత్సరముల నాటి తృణమణిలో చిక్కుకొన్న ఒక గిరికీల పురుగును 2019లో వర్ణించిరి. అది ఇప్పుడు మన వాగులలో నున్న ఒరెక్టోకిలస్ శాఖకు చెందినది. అనగా అప్పటికే క్రొత్తవారు రంగములో దిగిరన్నమాట. భారతదేశములో ఈ ప్రాచీన శాఖకు చెందిన జాతి ఏదియు లేదు. మడగాస్కరు నుండి విడిపోయిన పిదప మన భూభాగము భూమధ్యరేఖను దాటి ఉత్తరమునకు వేలకొలది కిలోమీటర్లు ప్రయాణము చేసినది. దారిలో, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాడు, దక్కను లావా ప్రవాహములు నేటి మహారాష్ట్రమును, తెలంగాణపు పడమటి అంచును కప్పివేసినవి. ఆ పిమ్మట ఆసియాను తాకి అక్కడి జీవులకు దారి తెరచినది. ఇన్ని మార్పులలో వాగు ఒడ్డు పురుగు ఒకటి మిగులనందుకు ఆశ్చర్యపడ పనిలేదు.

మడగాస్కరులో మిగులుటయే ఆశ్చర్యము. భారతదేశము విడిపోయిన కాలమున ఆ ద్వీపము నేటికంటె దక్షిణముగా, ఎండు మండలములో నుండెను. ఆ పొడికాలమును ఈ వంశము ఎత్తైన తూర్పు అంచున ఎడతెగక పారుచుండిన ఏ సెలయేళ్ల వెంటనో దాటియుండవలెను. నేడు ఆ తూర్పు అంచు స్వరూపము వేరు. హిందూ మహాసముద్రము నుండి వచ్చు ఆగ్నేయపు గాలులు నిటారైన కొండవాలును తాకి వర్షించును. పడమట ఎండిన గడ్డిభూములున్నను తూర్పువాలున ఏడాది పొడవున తడి ఆరని అడవి యున్నది. ఆ అడవిలో రనొమఫన జాతీయోద్యానమున్నది. మలగాసీ భాషలో ఆ పేరునకు ‘వేడినీరు’ అని అర్థము. దగ్గరనే వేడినీటి ఊటలు కలవు. సుమారు 416 చదరపు కిలోమీటర్ల వైశాల్యము గల ఆ వనమును 1991లో ఏర్పరచిరి. బంగారు వన్నె వెదురు లెమూరు అక్కడ దొరకుటయే దానికి మూలకారణము. హెటరోగైరస్ కొరకు నేడు వెదుకువారు పోవు చోట్లలో ఇది ముఖ్యమైనది. అక్కడ పెద్ద గిరికీల పురుగులగు డైన్యూటస్, ఒరెక్టోగైరస్ జాతులు వాగుల వెడల్పైన నీటిని ఆక్రమించియుండును. ఈ పురుగు మాత్రము చెట్ల నీడన, వాగు అంచులను పట్టుకొని తిరుగును. ఒకనాడు ఖండములకు ఖండములే తనవైన వంశమునకు నేడు మిగిలినది వాగు అంచు.

ఆ అంచు కూడ అడవి ఉన్నంతవరకే. మన తూర్పు కనుమలలో పోడు అనునదే మడగాస్కరులో తావీ. కొండవాలున చెట్లు నరికి, కాల్చి, వరి చల్లి, సారము తగ్గినంతనే వేరొక వాలునకు పోవుదురు. పొట్ట నింపుకొనుటకు వేరు దారి లేనివారు చేయు పని యిది. దానిని నేరముగా చూచుట సులభము, కాని న్యాయము కాదు. ఫలితము మాత్రము లెక్కకు అందినది. 1953కును 2014కును నడుమ మడగాస్కరు తన సహజారణ్యములో నూటికి 44 పాళ్లు పోగొట్టుకొన్నదని 2018లో ప్రకటించిన ఒక పరిశోధనలో తేలినది. ఆ లెక్క మొదలగు సంవత్సరము, లెగ్రో ఈ పురుగునకు పేరు పెట్టిన సంవత్సరము ఒక్కటే. పురుగు శాస్త్రమునకు తెలిసియున్న కాలమంతయు దాని ఇల్లు తరుగుచున్న కాలమే.

2007లో యునెస్కో సంస్థ తూర్పువాలు మీది ఆరు జాతీయోద్యానములను కలిపి ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించినది. రనొమఫన అందులోనిది, ద్వీపము దక్షిణపు కొనన నున్న అందొహహేల కూడ అందులోనిదే. దొంగతనముగా విలువైన కలప నరుకుట, లెమూరులను వేటాడుట హెచ్చినందున 2010లో దానిని ప్రమాదములో నున్న స్థలముల జాబితాలో చేర్చిరి. 2025లో ఆ జాబితా నుండి తొలగించిరి. వనముల లోపలి వాగులకు ఇది కొంత ఊరట. సరిహద్దులకు బయట పుట్టి లోపలికి పారు వాగుల సంగతి వేరు. గిరికీల పురుగుల పిల్లలు నీటినుండి ఒడ్డెక్కి మట్టిగూళ్లలో ఎదుగునని పైన చెప్పబడినది. నవంబరులో వానలు మొదలైనంతనే, పోడు కొట్టిన వాలునుండి కొట్టుకొనివచ్చు ఎఱ్ఱమట్టి వాగు అడుగున రాళ్ల సందులను పూడ్చి, ఆ ఒడ్ల మీదనే పేరుకొనుచుండును.